ఒక కంప్యూటరు - రెండు ఖాతాలు

పూర్వము మన ప్రభుత్వ కార్యాలయములలో రెండు విధములైన తపాలాబిళ్ళలు వాడుకలో నుండెడివి. కచ్చేరి పనులకై వ్రాయు ఉత్తరములకు 'సర్వీసు' అను మాట ముద్రింపబడిన బిళ్ళలను అంటించెడివారు. వాని వెల ప్రభుత్వము భరించెడిది. ఉద్యోగి తన తమ్మునికో, మామగారికో జాబు వ్రాయదలచినచో సొంత డబ్బుతో కొన్న సామాన్యపు బిళ్ళను అంటింపవలసినదే. బల్ల ఒక్కటి, కలము ఒక్కటి, వ్రాయు చేయియు ఒక్కటే. కాని కవరుమీది బిళ్ళను చూచినంతనే అది కచ్చేరి ఉత్తరమో, ఇంటి ఉత్తరమో తపాలా బంట్రోతునకు సైతము తెలిసిపోయెడిది. ఒకదానికి బదులుగా వేఱొకటి పొరపాటున అంటించినను, తపాలాపెట్టెలో పడిన పిదప ఆ జాబు చేతికి తిరిగి వచ్చెడిది కాదు.

నేడు ఆ బల్లయు, కలమును ఉన్న చోట కంప్యూటరు నిలిచినది. ఆ రెండు బిళ్ళల చిక్కు మాత్రము పోలేదు. ప్రోగ్రాములు వ్రాసి జీవించువారికి ఈ చిక్కు ప్రతిదినమును ఎదురగుచున్నది.

కంప్యూటరు చేయవలసిన పనిని దానికి తగిన భాషలో వరుసగా వ్రాసిన ఆదేశములను ప్రోగ్రామందురు. ఆ వ్రాతకు కోడని పేరు. పెద్ద ప్రోగ్రామును పదిమందియో, నూఱుమందియో కలిసి వ్రాయుదురు. ఒకరు నేడు దిద్దిన పంక్తిని మఱియొకరు రేపు తీసివేయుదురు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో జాడ లేనిచో పని యంతయు చిందరవందర యగును. ఆ జాడను కాపాడుటకు పుట్టిన సాధనమే గిట్. లైనక్స్ అను వ్యవస్థకు మూలపురుషుడైన లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 2005వ సంవత్సరమున రచించెను. అంతకుముందు లైనక్స్ నిర్మాతలు వాడుకొనుచుండిన సాధనము ఆ యేడు వారికి ఉచితముగా లభింపకపోయెను. ఆ యిబ్బందినుండియే గిట్ వెలువడినది. గిట్‌తో వ్రాసిన కోడును దూరముననున్న సర్వరులలో నిలువచేసి, లోకమునకంతకును గాని, కోరిన కొందఱికి మాత్రము గాని చూపెడి సంస్థలు పిదప వెలసినవి. వానిలో మిక్కిలి పేరుపొందినది గిట్‌హబ్. ఇది 2008లో ప్రారంభమైనది. 2018లో మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని కొనెను. గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ అనునవియు ఇట్టివే. వీనిలో కోడు ఉంచవలెనన్న మొదట ఒక ఖాతా తెఱువవలెను.

హైదరాబాదులోని మాదాపురమున ఒక చిన్న సంస్థలో పనిచేయు యువతిని ఊహించుకొనుడు. పగటివేళ ఆమె ఆసుపత్రుల లెక్కలను చూచెడి ప్రోగ్రామును వ్రాయుచుండును. ఆ కోడు సంస్థవారి సొత్తు. బయటివారి కంట పడరాదు. రాత్రి భోజనమైన తరువాత ఒకటి రెండు గంటలు, తెలుగువ్రాతలోని అక్షరదోషములను పట్టి చూపు చిన్న ప్రోగ్రామును ఆమె తన సంతోషముకొఱకు వ్రాసికొనుచుండును. దానిని ఎవరైనను ఉచితముగా తీసికొని వాడుకొనవచ్చునని ఆమె సంకల్పము. సంస్థవారి అనుమతితో ఆమె తన సొంత కంప్యూటరులోనే కొలువుపనియు చేసికొనుచున్నది. కంప్యూటరు ఒక్కటి, గిట్‌హబ్‌లో ఖాతాలు రెండు.

ఒక్క ఖాతా చాలదా యని అడుగవచ్చును. చాలినచో అంతకంటె సుఖము లేదు. ఒక వ్యక్తి ఒకే ఖాతాతో తన పనిని, సంస్థ పనిని కూడ చూచుకొనుట మేలని గిట్‌హబ్‌వారే సలహా చెప్పుదురు. ఉచితపు ఖాతాను ఒక్కొక్కరు ఒక్కదానికి మించి తెఱువరాదను నియమమును వారికి కలదు. కాని కొన్ని సంస్థలు తమ ఉద్యోగులకు ఖాతాలను తామే సృష్టించి యిచ్చును. అట్టి ఖాతా ఉద్యోగిది కాదు, సంస్థది. దానితో బయటి లోకమునకు కోడు ప్రకటించుటకు వీలులేదు. ఉద్యోగము మానిన నాడు ఆ ఖాతా మూతపడును. అట్టివారికి రెండవ ఖాతా తప్పనిసరి. మన యువతి స్థితియు అదియే. మూడేండ్లు రాత్రుల కూర్చుండి వ్రాసినది తన పేరున నిలుచునా, లేక కొలువుతోపాటు పోవునా అనునది రెండు ఖాతాలను ఆమె ఎంత శుభ్రముగా వేఱుచేసి ఉంచుకొనునో దానిపై ఆధారపడియున్నది.

ఇచ్చట చాలమంది ఒక భ్రమలో పడుదురు. ఖాతా యనగా ఒకే వస్తువని వారు తలంతురు. నిజమునకు కంప్యూటరులో అది రెండు వేర్వేఱు రూపములతో నుండును. ఒకటి సంతకము, రెండవది తాళపుచెవి. సంతకము మాఱినను తాళపుచెవి మాఱదు; తాళపుచెవి మాఱినను సంతకము మాఱదు. ఒకదానిని సరిచేసి రెండవదానిని మఱచుటచేతనే తప్పులలో పెక్కు పుట్టుచున్నవి.

మొదట సంతకమును చూతము. కొంత పని పూర్తియైనంతనే దానిని గిట్ యొక్క చరిత్రలో చేర్చుటకు కమిట్ అని పేరు. ప్రతి కమిట్‌లోను వ్రాసినవారి పేరు, ఈమెయిలు చిరునామా, తేదీ, గంట చేరును. ఈ పేరును, చిరునామాను గిట్ ఎచ్చటినుండి తెచ్చును? కంప్యూటరులో మనము ముందుగా వ్రాసియుంచిన అమరికల ఫైలునుండి తెచ్చును. అది నిజమా, కాదా యని అడుగదు. పాఠశాల హాజరుపట్టీలో ఒక బాలుడు మఱియొకని పేరు వ్రాసినను కాగితము అడ్డు చెప్పదు గదా! గిట్‌ది అదే తీరు. క్రొత్తగా ఉద్యోగములో చేరిన దినమున పెద్దలెవరో చెప్పగా మన యువతి సంస్థ యిచ్చిన ఈమెయిలును కంప్యూటరు మొత్తమునకు వర్తించునట్లు ఆ ఫైలులో వ్రాసినది. ఆ సంగతి మఱచిపోయినది. ఆ రాత్రి మొదలుకొని ఆమె తెలుగు ప్రోగ్రాములోని ప్రతి కమిట్‌మీదను సంస్థ చిరునామాయే పడుచు వచ్చినది. లోకమంతయు చూచెడి చోట కచ్చేరి బిళ్ళలు అంటించిన సొంత జాబులు వరుసగా నిలిచినవి.

దీనివలన నష్టమేమి? ఆ చిరునామా ఆమె సొంత ఖాతాలో నమోదు కాలేదు గనుక, గిట్‌హబ్ ఆ పనిని ఆమె ఖాతాలో చూపదు. ఇది చిన్న నష్టము. రెండవది పెద్దది. మన దేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టములోని 17వ సెక్షను ననుసరించి, ఉద్యోగములో భాగముగా ఒకరు రచించిన కృతికి, వేఱు ఒడంబడిక లేనియెడల, యజమానియే మొదటి హక్కుదారు. కంప్యూటరు ప్రోగ్రాములు ఆ చట్టములో సాహిత్యకృతులుగా ఎంచబడుచున్నవి. (ప్రబంధమును, ప్రోగ్రామును చట్టము దృష్టిలో ఒకే పంక్తిని కూర్చుండుట పండితులకు వింతగా తోచవచ్చును.) ఈమెయిలు చిరునామా ఒక్కటియే హక్కును నిర్ణయింపదు. అయినను తగవు వచ్చిన నాడు, 'ఇది నా తీరికవేళల పని' అని ఆమె చెప్పునప్పుడు, ప్రతి పుటమీద సంస్థ ముద్ర కనబడుట ఆమెకు మేలుచేయదు. తలక్రిందులైన తప్పును కలదు: సంస్థ కోడులో సొంత చిరునామా పడినచో, రహస్యమైన పనిని బయటివారెవరో చేసినట్లు చరిత్రలో నిలుచును. సంస్థవారు కారణమడుగుట న్యాయమే.

పడిన చిరునామాను తుడిచివేయరాదా? ఈ ప్రశ్నలోనే గిట్ యొక్క నేర్పు దాగియున్నది. గిట్ ప్రతి కమిట్‌నకు ఒక గుర్తు కట్టును. సాధారణముగా అది అంకెలు, అక్షరములు కలిసిన నలువది గుర్తుల వరుస. దానిని ఎవరును ఇష్టానుసారముగా పెట్టరు. కమిట్‌లోని విషయము, వ్రాసినవారి పేరు, చిరునామా, కాలము, దానికి ముందున్న కమిట్ గుర్తు - వీనినన్నిటిని కలిపి లెక్కకట్టగా వచ్చిన ఫలమే ఆ గుర్తు. చిరునామాలో ఒక్క అక్షరము మార్చినను ఆ కమిట్ గుర్తు పూర్తిగా మాఱును. దాని గుర్తు తరువాతి కమిట్ లెక్కలో చేరియున్నది గనుక ఆ తరువాతిదియు మాఱును. దాని వెనుకదియు మాఱును. పొడుగైన గొలుసులో ఒక కడియమును కోసినచో క్రిందివన్నియు జాఱిపోయినట్లు, నూఱవ కమిట్‌లోని తప్పును దిద్దబోయినచో నూటొకటవది మొదలు చివరిదాక అన్నియు క్రొత్తవగును. అంతకుముందే ఆ కోడును తీసికొన్నవారి యొద్ద ప్రాతగొలుసు ఉండును. రెండు గొలుసులకును పొసగదు. కనుక పంపక మునుపు కనిపెట్టినచో చివరి కమిట్‌ను సరిదిద్దుట నిమిషములో పని. 'అమెండ్' అను ఆదేశముతో పాటు రచయితను మరల నిర్ణయింపుమని చెప్పిన చాలును. పంపి, పదిమంది తీసికొన్న తరువాత దిద్దుట పదిమందిని ఇబ్బంది పెట్టుట. అట్టియెడల 'మెయిల్‌మ్యాప్' అను చిన్న ఫైలును కోడుతో చేర్చి, 'ఈ చిరునామా గలవారును, ఆ చిరునామా గలవారును ఒక్కరే' అని తెలుపుట ఉత్తమము. చరిత్ర అట్లే యుండును. గిట్ చూపెడి జాబితాలలో పేరు మాత్రము సరియగును.

ఇక తాళపుచెవి. కోడును సర్వరునకు పంపునప్పుడు ద్వారము తెఱచుకొనుటకు అది కావలెను. దీనికై ఎక్కువగా వాడబడు పద్ధతి ఎస్‌ఎస్‌హెచ్. ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమున పరిశోధకుడైన టాటు యూలొనెన్ 1995లో దీనిని రచించెను. ఆ విశ్వవిద్యాలయపు వలలో పోవుచున్న పాస్‌వర్డులను ఎవరో దొంగచాటుగా పట్టుకొనుటయే ఆ రచనకు ప్రేరణ. (టోర్వాల్డ్స్ పుట్టిన ఊరును హెల్సింకియే. నేడు మాదాపురమున యువతీయువకులు ప్రతిదినము వాడు ఈ రెండు సాధనముల నిర్మాతలును ఒకే చల్లని దేశమువారు.)

ఎస్‌ఎస్‌హెచ్ తాళపుచెవి రాజముద్రికను పోలినది. ఉంగరము యజమాని వ్రేలికే యుండును. దాని అచ్చు ఎట్లుండునో కోటవాకిటి కావలివారికి తెలియును. అట్లే ఈ చెవిలో రెండు భాగములు. రహస్యభాగము కంప్యూటరును విడిచి పోదు. బహిరంగభాగమును గిట్‌హబ్ ఖాతాలో నమోదుచేయుదురు. సర్వరు ఒక పరీక్ష పెట్టును; రహస్యభాగము గల కంప్యూటరు దానికి తగిన ముద్ర వేసి చూపును; సర్వరు తన యొద్దనున్న అచ్చుతో సరిచూచుకొని ద్వారము తెఱచును. ఉంగరమును మాత్రము అది ఎన్నడును అడిగి పుచ్చుకొనదు. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమున రాక్షసమంత్రి ఉంగరము చాణక్యుని చేతికి చిక్కుటయు, దానితో ముద్రవేసిన కపటలేఖ రాక్షసుడు వ్రాసినదే యని మలయకేతువు నమ్ముటయు పెద్ద తరగతులలో చదువగలరు. రహస్యభాగమును ఇతరులకు పంపుట, కోడుతో కలిపి ప్రకటించుట రాక్షసుడు ఉంగరమును పోగొట్టుకొనుట వంటివే.

రెండు ఖాతాలు గలవారికి ఇచ్చట ఒక విచిత్రమైన ఇబ్బంది కలుగును. ఎస్‌ఎస్‌హెచ్ మార్గమున గిట్‌హబ్ వాకిటికి వచ్చువారందఱును తమ పేరు 'గిట్' అనియే చెప్పుదురు. వచ్చినది ఎవరో సర్వరునకు తెలియుట కేవలము తాళపుచెవి వలననే. అందుచేత ఒక చెవిని రెండు ఖాతాలలో నమోదుచేయుటకు గిట్‌హబ్ ఒప్పుకొనదు. 'ఇది ఇదివఱకే వాడుకలో నున్నది' అని త్రోసివేయును. ఖాతా కొక చెవి చొప్పున రెండు చేసికొనవలసినదే. చేసికొన్నంతమాత్రమున చిక్కు తీఱదు. కంప్యూటరు తన యొద్దనున్న చెవులను ఒకదాని తరువాత నొకటి సర్వరునకు చూపును. సర్వరు తాను ఎఱిగిన మొదటిదానిని చూచి లోనికి రానిచ్చును. ఆ మొదటిది సొంత ఖాతాదై, తెఱువవలసిన భాండారము సంస్థదైనచో, 'అట్టి భాండారమే లేదు' అను సమాధానము వచ్చును. 'నీకు అనుమతి లేదు' అనదు. అట్లనినచో అచ్చట భాండారమున్నదను రహస్యము బయటపడును గదా! ఈ మర్మము తెలియనివారు పేరు తప్పు వ్రాసితిమేమో యని గంటలకొలది వెదకుదురు. ద్వారము తెఱచుకొన్నది, కాని తెఱచుకొన్నది వేఱొక మనిషికి - అని వారికి తట్టదు.

దీనికి విఱుగుడు, ఎస్‌ఎస్‌హెచ్ అమరికల ఫైలులో ఒకే గిట్‌హబ్‌నకు రెండు మాఱుపేరులు పెట్టుట. 'కొలువు' అను పేరుతో పిలిచినచో ఈ చెవిని, 'ఇల్లు' అను పేరుతో పిలిచినచో ఆ చెవిని వాడుమని వ్రాయవచ్చును. దానితో పాటు 'ఐడెంటిటీస్‌ఓన్లీ' అను పంక్తిని చేర్చి 'ఎస్' అని వ్రాయవలెను. 'చెప్పిన చెవిని మాత్రమే చూపుము, తక్కినవాని జోలికి పోకుము' అని దాని భావము. మాఱుపేరులు వ్రాసి ఈ పంక్తిని విడిచినవారు, ఇంకను తప్పుద్వారములే తెఱచుకొనుచున్నవేమని ఆశ్చర్యపడుచుందురు.

ఎస్‌ఎస్‌హెచ్‌ను కాక మామూలు వెబ్ చిరునామాతో కోడు పంపువారును కలరు. 2021 ఆగస్టు 13వ తేదీనుండి గిట్‌హబ్ ఈ పనికి పాస్‌వర్డులను అంగీకరించుట మానినది. వానికి బదులు టోకెను అను పొడుగైన రహస్యపదమును వాడవలెను. కంప్యూటరు సాధారణముగా ఒక సైటునకు ఒక టోకెనునే జ్ఞాపకముంచుకొనును గనుక రెండవ ఖాతా వచ్చినప్పుడు తికమకపడును. భాండారపు చిరునామాలోనే ఖాతాపేరును చేర్చుటచే ఆ తికమక చాలవఱకు తొలగును.

సంతకమును, తాళపుచెవిని ప్రతిసారి చేతితో మార్చుకొనుట మనుష్యస్వభావమునకు సరిపడదు. రాత్రి పదిగంటలకు అలసిన మనస్సు ఏ సంతకము మార్చినదో, ఏది మఱచినదో చెప్పుట కష్టము. ఆ భారమును జ్ఞాపకశక్తిపై మోపుటకంటె స్థలముపై మోపుట తెలివియైన పని. 2017లో వెలువడిన గిట్ 2.13 దీనికి చక్కని వసతి కల్పించినది. 'ఇన్‌క్లూడ్‌ఇఫ్' అను అమరికతో, 'ఈ ఫోల్డరులో నున్న పనులకు ఈ ఫైలులోని మాటలు చెల్లును' అని వ్రాయవచ్చును. మన యువతి తన కంప్యూటరులో 'కొలువు', 'ఇల్లు' అని రెండు ఫోల్డరులు చేసికొన్నది. సంస్థ భాండారములన్నియు మొదటిదానిలో, సొంతవన్నియు రెండవదానిలో ఉంచినది. ఒక్కొక్క ఫోల్డరునకు ఒక్కొక్క చిన్న ఫైలు. దానిలో ఆ ఫోల్డరునకు తగిన ఈమెయిలు, దానితోపాటు ఆ ఫోల్డరులో వాడవలసిన ఎస్‌ఎస్‌హెచ్ చెవి. చెవిని గిట్ అమరికలలోనే పేర్కొనుటకు 'కోర్.ఎస్‌ఎస్‌హెచ్‌కమాండ్' అను పంక్తి ఉపకరించును. ఇప్పుడామె ఏ గదిలో కూర్చుండిన ఆ గది సంతకము, ఆ గది తాళపుచెవి వానియంతట అవియే చేతికి వచ్చును. మాఱుపేరుల పద్ధతికంటె ఇది మేలు; ఒక్క స్థలమే రెండింటిని నిర్ణయించుచున్నది.

ఇందు రెండు చిన్న మెలకువలు తెలియవలెను. ఫోల్డరు పేరు చివర ఏటవాలు గీతను తప్పక వ్రాయవలెను. ఆ గీత యున్నచో ఆ ఫోల్డరు లోపల నున్నవానికన్నిటికిని మాట చెల్లును, లేనిచో చెల్లదు. గిట్ ఏమియు చెప్పదు, తప్పు చూపదు, పూర్వపు సంతకమునే వేయుచు పోవును. రెండవది వరుసను గూర్చినది. అమరికల ఫైలును గిట్ పైనుండి క్రిందికి చదువును. ఒకే విషయమును రెండుసార్లు చెప్పినచో వెనుక చెప్పినదే నిలుచును. కనుక ఇన్‌క్లూడ్‌ఇఫ్ పంక్తులను సామాన్యపు పేరు, చిరునామాలకు క్రిందనే వ్రాయవలెను. అంతకంటెను మంచి యుపాయము, కంప్యూటరు మొత్తమునకు వర్తించు చిరునామాను పూర్తిగా తీసివేసి, 'యూజర్.యూజ్‌కన్ఫిగ్‌ఓన్లీ' అను అమరికను 'ట్రూ' అని యుంచుట. అప్పుడు ఈ రెండు ఫోల్డరులకు వెలుపల ఎక్కడనైన కమిట్ చేయబోయినచో, చిరునామా తెలియనిదే వ్రాయనని గిట్ నిరాకరించును. తప్పుగా వ్రాయుటకంటె వ్రాయననుట ఎంతయో నయము.

అన్నియు అమర్చిన తరువాత పరీక్షించి చూచుకొనుట యుక్తము. ఫోల్డరులోనికి పోయి 'గిట్ కన్ఫిగ్ యూజర్.ఈమెయిల్' అని అడిగినచో అచ్చట పడబోవు చిరునామా కనబడును. ఎస్‌ఎస్‌హెచ్‌తో గిట్‌హబ్ వాకిటిని ఊరక తట్టినచో, అది ఖాతా పేరు పెట్టి పలుకరించి పంపివేయును. ఏ చెవితో తట్టితిమో ఆ పలుకరింపువలన తెలియును. ఈ రెండు పరీక్షలలో ఒక్కటి చేసి సంతృప్తి పడరాదు. మొదటిది సంతకమును గూర్చియు, రెండవది తాళపుచెవిని గూర్చియు మాత్రమే చెప్పగలవు.

మూడేండ్లు గడచిన పిదప మన యువతి వేఱొక సంస్థకు మాఱినది. చివరిదినమున సంస్థవారు ఆమె కొలువు ఖాతాను మూసివేసిరి. ఒడంబడిక ప్రకారము ఆమె 'కొలువు' ఫోల్డరును సమూలముగా చెఱిపివేసినది. ఆ చెవి రెండు ముక్కలను, ఆ ఈమెయిలు వ్రాసిన చిన్న ఫైలును కూడ తీసివేసినది. పని అరగంటలో ముగిసినది. మొదటి నెలలలో సంస్థ చిరునామాతో పడిన కమిట్‌లు కొన్ని ఆమె తెలుగు ప్రోగ్రాము చరిత్రలో నేటికిని అట్లే యున్నవి. వానికొఱకు ఆమె మెయిల్‌మ్యాప్‌లో ఒక పంక్తి వ్రాసినది. తక్కినవన్నియు ఆమె సొంత పేరుననే యున్నవి. ఆ రాత్రి 'ఇల్లు' ఫోల్డరు తెఱచి, ఎంతోకాలముగా ఎవరో అడుగుచుండిన అరసున్న దోషమును సరిదిద్ది పంపినది.